ఇంటి స్టూడియోను దొంగల నుంచి కాపాడుకోవడం ఎలా

ఇంట్లో స్టూడియో కట్టుకునేవారు మొదట పోరాడేది చప్పుడుతో. వీధిలోని హారన్ల మోత లోపలికి రాకూడదని, లోపలి తబలా దెబ్బ పక్కింటివారి నిద్ర చెడగొట్టకూడదని గోడకు రెండు పొరల జిప్సం బోర్డు, మధ్యలో శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్, కిటికీకి మందపాటి పలక, తలుపు అంచులకు రబ్బరు పట్టీలు బిగిస్తారు. పని పూర్తయ్యాక గది అనుకున్నట్టే నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం దొంగకు కూడా అంతే ఉపయోగపడుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. మామూలు గదిలో బీరువా తలుపు కిర్రుమన్నా ఇంట్లో ఎవరో ఒకరు లేస్తారు; స్టూడియోలో ర్యాకు మొత్తం ఊడదీసినా పక్క పడకగదిలో నిద్రిస్తున్నవారికి వినపడదు. లోపల అమర్చిన సైరన్ కూడా లోపలే మోగి ఊరుకుంటుంది. అందుకే ఇళ్ల భద్రత గురించి అందరూ చెప్పే జాగ్రత్తలు స్టూడియోకు సగం వరకే పనికొస్తాయి. మిగతా సగం ఈ గది స్వభావాన్ని బట్టి ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

ఏది ముందు కాపాడుకోవాలో తేల్చుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. పెద్ద మానిటర్ స్పీకర్లను, ఎనభై ఎనిమిది మెట్ల కీబోర్డును మోసుకుపోవడం దొంగకు శ్రమ. వాటిని తరచుగా వదిలేస్తాడు. చేతిసంచిలో పట్టేవే అతనికి కావాలి. న్యూమన్ యు 87 వంటి కండెన్సర్ మైక్ అర కిలో బరువుంటుంది, జానెడు పొడవుంటుంది, ధర మాత్రం లక్షల్లో పలుకుతుంది. ల్యాప్‌టాప్, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు, హార్డ్ డిస్కులు కూడా ఆ వరుసలోనివే. వీటన్నిటిలో డబ్బు పెట్టినా తిరిగి దొరకనిది హార్డ్ డిస్కులోని పని. దొంగకు దాని విలువ తెలియదు. పాత డిస్కు ధరకు అమ్మేసుకుంటాడు. మనకు అందులో రెండేళ్ల పాటలు ఉంటాయి.

సమాచారం బయటికి పోయే దారులు

తాళం పగలగొట్టే నేర్పు కంటే ముందు దొంగకు కావలసింది సమాచారం: లోపల ఏమేమి ఉన్నాయి, ఎవరూ లేని వేళ ఏది. ఈ రెండింటినీ చాలాసార్లు మనమే చెబుతుంటాము. మైక్ సిగ్నల్‌ను పెంచే కొత్త ప్రీయాంప్ వచ్చిన రోజున పెట్టె విప్పుతూ ఒక ఫొటో. నెల తర్వాత స్టూడియో అంతా తిప్పి చూపిస్తూ ఒక వీడియో, అందులో కిటికీ, తలుపు తాళం, బాల్కనీ నుంచి కనిపించే వీధి మలుపు. మరో వారానికి "మూడు రోజుల రికార్డింగ్ కోసం చెన్నై వెళ్తున్నాం" అంటూ సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఒక సెల్ఫీ. ఈ మూడింటినీ వరుసగా చూసినవాడికి ఇంకొకరిని అడగవలసిన పని లేదు. సంగీతం మీద బతికేవారికి ప్రచారం తప్పదు కనుక పోస్టులు మానుకోమని చెప్పడం అర్థం లేని సలహా. ప్రయాణం సంగతి తిరిగి వచ్చాక పెట్టండి. పరికరాలను ఖాళీ గోడ ముందు ఉంచి ఫొటో తీయండి, తలుపులు, కిటికీలు ఫ్రేములోకి రానివ్వకండి. పోస్టులకు లొకేషన్ జోడించకండి. మ్యాప్‌లో పిన్ను పెట్టుకోక తప్పని వారు వీధి వరకు చూపి ఆపితే చాలు. ఇంటి నంబరును బుకింగ్ ఖాయమైన తర్వాత ఫోనులో చెప్పవచ్చు. గేటుకు బోర్డు కూడా అంతే. వయొలిన్ పాఠాలు చెప్పే గురువుగారి ఇంటికి బోర్డు ఉండటం సహజం, ఎందుకంటే పిల్లలు వెతుక్కుంటూ వస్తారు. రికార్డింగ్‌కు వచ్చేవారు ముందుగా మాట్లాడుకునే వస్తారు కనుక స్టూడియోకు ఆ అవసరం లేదు.

ఖాళీ అట్టపెట్టెల విషయంలో అందరూ పొరబడతారు. పరికరం బొమ్మ, మోడల్ పేరు ముద్రించిన పెట్టెను చెత్తబండి కోసం గేటు ముందు పెడితే, లోపల ఏముందో వీధికంతా తెలుస్తుంది. మళ్లీ అమ్మేటప్పుడు పెట్టె ఉంటే మంచి ధర వస్తుంది కాబట్టి అసలు పారేయకుండా అటకమీద దాచుకోవడం ఉత్తమం. పారేయక తప్పకపోతే ముక్కలుగా కోసి, అచ్చు లోపలికి వచ్చేలా మడిచి కట్టండి. పాత పరికరాలను ఓఎల్ఎక్స్ వంటి చోట్ల అమ్మకానికి పెట్టినప్పుడు కొనడానికి వచ్చినవారిని స్టూడియోలోకి తీసుకుపోకండి. మైక్ బాగా పనిచేస్తుందో లేదో చూపాలంటే ల్యాప్‌టాప్, చిన్న ఇంటర్‌ఫేస్ పట్టుకుని దగ్గరలోని కాఫీ షాపులో కలవవచ్చు, లేదా హాల్లో కూర్చోబెట్టి చూపవచ్చు. కొనే నెపంతో వచ్చి తక్కినవన్నీ చూసిపోవడం చాలా పాత ఎత్తు.

ఇక రోజూ వచ్చిపోయే మనుషులు. ఏసీ మెకానిక్, ఇంటర్నెట్ లైన్ చూసే కుర్రాడు, సెషన్‌కు వచ్చిన వాద్యకారులు, వారి వెంట వచ్చిన స్నేహితులు, ఇలా స్టూడియోలోకి మామూలు ఇంటి గదిలోకి కంటే ఎక్కువమంది కొత్తవారు అడుగుపెడతారు. అందరినీ అనుమానిస్తూ కూర్చుంటే సంగీతం నడవదు. అనుమానించే అవసరం లేకుండా ఏర్పాటు చేసుకోవడం తేలిక: సెషన్‌కు ఎవరెవరు వస్తున్నారో ముందురోజే పేర్లు అడిగి రాసుకోవాలి; తాళపుచెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో ఒక చోట రాసి ఉండాలి; సహాయకుడు పని మానేసిన రోజున తాళం సిలిండర్ మార్చాలి. నంబరు నొక్కితే తెరుచుకునే డిజిటల్ లాక్ పెట్టుకున్నవారు ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చి, పని ముగిసిన సాయంత్రమే దాన్ని తీసేస్తే సిలిండర్ మార్చే బాధ కూడా ఉండదు. అందరికీ ఒకే కోడ్ ఇచ్చి, ఏడాది పాటు మార్చకుండా ఉంచితే డిజిటల్ లాక్ వల్ల ప్రయోజనం లేదు.

ఒక సాయంత్రం నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక పల్లవిలో ఊపిరి చప్పుళ్లు తీసేస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పార్శిల్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బెల్లు నాలుగుసార్లు కొట్టాడట, తలుపు తీసి ఉందని లోపలికి వచ్చాడట. అతను మంచివాడు కనుక సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. స్టూడియో యజమాని ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇల్లు ఒక రకంగా ఖాళీగానే ఉంటుందని ఆ రోజు నాకు అర్థమైంది. పని చేస్తున్నంతసేపూ వీధి తలుపు గడియ వేసి ఉంచడం, బెల్లుకు అనుసంధానంగా మిక్సింగ్ టేబుల్ ఎదుట ఒక చిన్న లైటు వెలిగేలా వైరింగ్ చేయించుకోవడం ఆ తర్వాతి వారమే చేశాను. ఎలక్ట్రీషియన్‌కు అది గంట పని.

తలుపు, ద్వారబంధం, కిటికీ

తలుపుకు బయట వేలాడే తాళం కప్ప ఇంట్లో ఎవరూ లేరని వీధికి చాటడమే కాక, ఇనుప రాడ్ దూర్చడానికి సందు కూడా ఇస్తుంది. కప్ప ఎంత ఖరీదైనదైనా, అది వేలాడే గొళ్లేన్ని పట్టి ఉంచేది ముప్పావు అంగుళం మరలే కాబట్టి, కప్ప పగలకుండానే గొళ్లెం ఊడి వస్తుంది. తలుపు మందంలో ఇమిడిపోయే మోర్టైజ్ లాక్ పెట్టించుకోండి. దాని డెడ్‌బోల్టు ద్వారబంధంలోకి కనీసం ఒక అంగుళం దిగాలి. బోల్టు దూరే చోట బిగించే ఇనుప పట్టీకి తయారీదారు ఇచ్చిన పొట్టి మరలు వాడకుండా, చెక్క దాటి గోడలోకి పోయే మూడంగుళాల మరలు వేయించండి. తలుపును కాలితో తన్నినప్పుడు సాధారణంగా విరిగేది తాళం కాదు, ద్వారబంధంలోని ఈ భాగమే. బిల్డరు ఇచ్చిన లోపల డొల్ల ఉన్న ఫ్లష్ డోర్‌ను మార్చి గట్టి చెక్క తలుపు పెట్టడం శబ్దానికీ మంచిది, భద్రతకూ మంచిది. ఈ ఒక్క చోట రెండు అవసరాలకూ ఒకే ఖర్చు సరిపోతుంది.

శబ్దం కోసం చేసిన కొన్ని పనులు మాత్రం భద్రతకు ఎదురు తిరుగుతాయి. గదిలో చోటు కలిసివస్తుందని స్టూడియో తలుపును చాలామంది బయటికి తెరుచుకునేలా పెట్టిస్తారు. అప్పుడు బందులు బయటివైపు ఉంటాయి, వాటి ఊచలు తీసేస్తే తాళంతో సంబంధం లేకుండా తలుపు ఊడి వస్తుంది. ఊచ బయటికి రాని రకం బందులు దొరుకుతాయి. లేదా తలుపు మూసినప్పుడు బందుల వైపు నుంచి ద్వారబంధంలోకి దిగే ఇనుప మేకులు రెండు వేయిస్తే చాలు. కిటికీని రాక్‌వూల్‌తో నింపి మూసేసినవారు అది గోడ అయిపోయిందనుకుంటారు. బయటి నుంచి చూస్తే అక్కడ ఇంకా అద్దం, లోపల ప్లైవుడ్ మాత్రమే ఉన్నాయి. గ్రిల్‌ను మరలతో కాక గోడలో దిగేసి సిమెంటు చేయించి ఉండాలి. విండో ఏసీ పెట్టిన రంధ్రం అంతకంటే పెద్ద బలహీనత, ఎందుకంటే ఏసీని బయటికి లాగేస్తే మనిషి దూరగలిగేంత దారి ఏర్పడుతుంది. స్టూడియోకు స్ప్లిట్ ఏసీ ఎలాగూ నిశ్శబ్దం కోసం కావాలి. అది పెట్టినప్పుడు పాత రంధ్రాన్ని ఇటుకతో మూయించండి, ప్లైవుడ్‌తో కాదు.

మన ఊళ్లలో చాలా స్టూడియోలు డాబా మీది గదిలో ఉంటాయి. అద్దె తక్కువ, పైన చప్పుడు చేసేవారు ఉండరు, కింద యజమాని ఇల్లు. ఇక్కడ చూసుకోవలసింది మెట్ల గది తలుపు. కింద గేటుకు మంచి తాళం వేసి, డాబా మీదికి తెరుచుకునే రేకు తలుపుకు చిన్న గడియతో సరిపెట్టే ఇళ్లు ఎన్నో. పక్క డాబా నుంచి పిట్టగోడ దాటి వచ్చేవాడికి గేటుతో పని లేదు. నీళ్ల ట్యాంకు కోసం గోడకు బిగించిన ఇనుప నిచ్చెన కూడా ఉంటే దాని అడుగు భాగాన్ని తాళం వేయగల రేకుతో కప్పించండి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. స్టూడియోకు తరచుగా ఒకే తలుపు ఉంటుంది, గోడలకు ఫోమ్ ఉంటుంది, వైర్లు గుంపుగా ఉంటాయి. మంట అంటుకుంటే ఆ గదిలోంచి క్షణాల్లో బయటపడగలగాలి. లోపలివైపు తాళపుచెవితో మాత్రమే తెరుచుకునే లాక్‌ను ఎప్పుడూ పెట్టించకండి. లోపల చేత్తో తిప్పితే తెరుచుకునే పిడి ఉండాలి. కరెంటు పోయినా లోపలి నుంచి తెరుచుకునే డిజిటల్ లాక్‌నే ఎంచుకోండి. కిటికీ మిగిలి ఉంటే దాని గ్రిల్‌లో ఒక భాగాన్ని లోపలి నుంచి తీయగలిగేలా చేయించండి. దొంగ భయంతో గదిని బోను చేసుకోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

చప్పుడు బయటికి రాని గదికి అలారం

సెన్సర్ లోపల, సైరన్ బయట. స్టూడియో అలారానికి సంబంధించినంత వరకు మొదటి సూత్రం ఇదే. తలుపుకు అయస్కాంత స్విచ్, గదిలో మనిషి ఒంటి వేడిని గుర్తించే మోషన్ సెన్సర్, ఇంటి బయటి గోడ మీద చేతికి అందని ఎత్తులో సైరన్, దాని పక్కన మిణుకు మిణుకుమనే లైటు, ఇంతే అవసరం. మోషన్ సెన్సర్ తన ఎదుట అడ్డంగా కదిలే మనిషిని బాగా పట్టుకుంటుంది, నేరుగా తనవైపు వచ్చేవాడిని అంత బాగా పట్టుకోదు. కాబట్టి తలుపుకు ఎదురుగా కాక పక్క గోడ మూలలో, ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టాలి. ఏసీ గాలి తగిలే చోట, ట్యూబ్ యాంప్ వంటి వేడెక్కే పరికరం ఎదుట పెడితే అబద్ధపు అలారాలు మోగుతాయి. రెండుసార్లు అనవసరంగా మోగిన సైరన్‌ను మూడోసారి ఎవరూ పట్టించుకోరు, మనమే విసిగి ఆపేస్తాము కూడా.

వైఫై కెమెరా కొన్నవారు దాన్ని స్టూడియో లోపల పెట్టే ముందు తలుపు మూసి సిగ్నల్ చూసుకోవాలి. రెండు పొరల బోర్డు, వాటి మధ్య ఇనుప ఫ్రేము వైఫైని బాగా బలహీనపరుస్తాయి. తలుపు తెరిచి ఉన్నప్పుడు పనిచేసిన కెమెరా తలుపు మూయగానే మూగబోతుంది. గోడలు కట్టే సమయంలోనే రెండు ల్యాన్ కేబుళ్లు లాగించుకుంటే ఈ చిక్కు ఉండదు. కెమెరా దృశ్యాలను నిల్వచేసే రికార్డర్ పెట్టెను స్టూడియోలో ఉంచకండి, ఎందుకంటే దొంగ దాన్ని కూడా పరికరమే అనుకుని పట్టుకుపోతాడు. ఇంట్లో మరో చోట కనపడకుండా పెట్టి, దానితో పాటు క్లౌడ్‌లో కూడా క్లిప్పులు చేరేలా చూసుకోవాలి. బయటి కెమెరాను మరీ పైకప్పు ఎత్తున పెడితే టోపీలు, నడినెత్తులు మాత్రమే రికార్డవుతాయి. గేటు దాటి వచ్చేవారి ముఖం ఎదురుగా కనిపించే కోణంలో ఒకటైనా ఉండాలి. రాత్రి దాని దృశ్యం ఎలా ఉందో వారానికోసారి చూసుకోండి, సాలీడు గూడు కట్టి ఉంటుంది.

కరెంటు తీసేస్తే కెమెరాలు ఆగిపోతాయని దొంగలకు తెలుసు, మీటరు పెట్టె సాధారణంగా గేటు పక్కనే ఉంటుంది. రౌటర్‌ను, ఫైబర్ లైన్ పెట్టెను, రికార్డర్‌ను ఒక చిన్న యూపీఎస్ మీద ఉంచండి. స్టూడియో కంప్యూటర్‌కు ఉన్న పెద్ద యూపీఎస్‌కే వీటిని కలిపితే, రాత్రి కంప్యూటర్ ఆపి ఉంటుంది కనుక చాలాసేపు నడుస్తాయి. సిమ్ కార్డుతో మీ ఫోనుకు కాల్ చేసే అలారం దొరికితే ఇంటర్నెట్ వైరు కోసేసినా మీకు కబురు అందుతుంది. ఒక మర్యాద కూడా ఉంది: రికార్డింగ్ గదిలో కెమెరా ఉంటే పాడటానికి వచ్చినవారికి ముందే చెప్పాలి, సెషన్ సమయంలో దాన్ని ఆపే వీలు ఉండాలి.

మైకులు, వాద్యాలు, లైసెన్సులు

పని ముగిశాక మైకును స్టాండుకే వదిలేయడం మానుకోండి. నేలకు గానీ గోడకు గానీ లోపలి నుంచి బోల్టులతో బిగించిన చిన్న ఇనుప బీరువాలో మైకులు, హార్డ్ డిస్కులు, డాంగిళ్లు (సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఉండే చిన్న యూఎస్‌బీ ముక్కలు) పెట్టి తాళం వేయడం రోజూ రెండు నిమిషాల పని. బిగించని బీరువాను మాత్రం దొంగ బీరువాతో సహా ఎత్తుకుపోతాడు. అందులో సిలికా జెల్ సంచులు ఉంచితే కండెన్సర్ మైకుల లోపలి పలుచని పొరకు (డయాఫ్రమ్‌కు) తేమ పట్టదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఈ కారణం ఒక్కటే చాలు బీరువా కొనడానికి. ర్యాకు పరికరాలను మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు లొంగని ప్రత్యేక తల ఉన్న మరలతో బిగించి, ర్యాకును గోడకు కట్టేయవచ్చు. ఇవేవీ దొంగను పూర్తిగా ఆపవు, అతని పనిని ఆలస్యం చేస్తాయి. బయట సైరన్ మోగుతున్నప్పుడు ఆ ఆలస్యం చాలా విలువైనది.

వీణ, వయొలిన్ వంటి వాద్యాలకు సాధారణంగా సీరియల్ నంబర్లు ఉండవు. బొబ్బిలిలో ఒకే పనస దుంగ నుంచి తొలిచిన వీణ మీ తాతగారి నాటిదైతే దానికి బిల్లు కూడా ఉండదు. అటువంటి వాద్యానికి దాని శరీరమే గుర్తింపు. కుండ మీద చెక్క ఈనెలు, యాళి ముఖం చెక్కడం, ఎక్కడైనా అతుకు వేసి ఉంటే ఆ అతుకు, మెట్ల మైనం దగ్గరి మచ్చలు, వయొలిన్ అయితే ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి కనిపించే చీటీ, ఇలా దగ్గరగా ఫొటోలు తీసి దాచండి. పదేళ్ల తర్వాత ఎక్కడ కనిపించినా ఇది నాదే అని నిరూపించగలిగేది ఆ ఫొటోలతోనే. ట్రాకింగ్ ట్యాగులను వాద్యం పెట్టె అస్తరు లోపల కుట్టి పెట్టడం మంచిదే. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ వంటివి కొంతసేపటికి దొంగ ఫోనుకు కూడా హెచ్చరిక పంపుతాయి కనుక మొదటి గంటల్లోనే వాటి జాడ చూసుకోవాలి. ఇనుప డబ్బా గల పరికరాల లోపల పెడితే సిగ్నల్ బయటికి రాదు. వేడికి బ్యాటరీ చెడిపోతుంది కూడా.

ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాముల) లైసెన్సులున్న ఐలాక్ డాంగిల్ బొటనవేలంత ఉంటుంది, దాని మీద కొన్నిసార్లు ల్యాప్‌టాప్ కంటే ఎక్కువ డబ్బు ఆధారపడి ఉంటుంది. అది పోతే ఒక్కో ప్లగిన్ కంపెనీతో విడివిడిగా మాట్లాడుకుని లైసెన్సులు తిరిగి తెచ్చుకోవలసిన దుస్థితి వస్తుంది. అనుమతి ఉన్న లైసెన్సులను క్లౌడ్‌లోకో కంప్యూటర్‌లోకో మార్చేసి, తప్పనివాటిని మాత్రమే డాంగిల్‌లో ఉంచండి. ఏ ఖాతాలో ఏ లైసెన్సు ఉందో జాబితా రాసి ఈమెయిల్‌లో దాచుకోండి.

రికార్డింగుల సంగతికి వద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు అవుతుంది. ఐదు నిమిషాల పాటలో నలభై ట్రాకులు ఉంటే సుమారు 1.7 గిగాబైట్లు. ఈ రోజుల ఇంటర్నెట్ వేగంలో ఒక సెషన్‌ను రాత్రికి రాత్రి క్లౌడ్‌లోకి పంపడం కష్టమేమీ కాదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట అన్న పాత నియమం చాలామందికి తెలుసు. ఆచరణలో మూడు ప్రతులూ ఒకే టేబుల్ సొరుగులో ఉంటాయి, దొంగ సొరుగు మొత్తం కుమ్మరించుకుపోతాడు. ఒక డిస్కును తమ్ముడి ఇంట్లోనో స్నేహితుడి దగ్గరో ఉంచి నెలకోసారి మార్చుకోండి. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్ చేసి ఉంచితే ల్యాప్‌టాప్ పోయినా అందులోని విడుదల కాని పాట బయటికి రాదు. సినిమా పనిచేసేవారికి ఇది పరికరం కంటే పెద్ద విషయం. పరికరం కొత్తది కొనుక్కోవచ్చు, పాట లీకైతే నిర్మాతకు చెప్పుకునే సమాధానం ఉండదు.

కాగితాలు, బీమా

ఒక ఆదివారం పొద్దున కూర్చుని ప్రతి పరికరం పేరు, మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ధర ఒక పట్టికలో రాసి, వెనకవైపు సీరియల్ నంబరు చీటీని ఫొటో తీసి, బిల్లును స్కాన్ చేసి పక్కన జోడించండి. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన ఇంటర్‌ఫేస్ అయితే అక్కడి బిల్లును కూడా ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఈ పట్టిక స్టూడియో కంప్యూటర్‌లో మాత్రమే ఉంటే కంప్యూటర్‌తో పాటే పోతుంది కదా.

బీమా విషయంలో ఎక్కువమంది తమకు రక్షణ ఉందని నమ్మి మోసపోతారు. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలన్నీ అమ్ముతున్న ప్రామాణిక గృహ పాలసీ భారత్ గృహ రక్ష. అది అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటివాటికి వర్తిస్తుంది. దొంగతనం మాట అందులో ఉన్నా, అటువంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే పరిహారం. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే ఆ పాలసీ కింద పైసా రాదు. దొంగతనానికి విడిగా బర్గలరీ కవర్ తీసుకోవాలి. ఆ కవర్‌లో కూడా బలవంతంగా చొరబడిన ఆనవాలు ఉండాలన్న షరతు సాధారణం; పాలసీలో అలా రాసి ఉన్నప్పుడు బలప్రయోగం లేని దొంగతనానికి పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. తలుపు గడియ వేయకుండా సెషన్ చేస్తున్నప్పుడు ఎవరో మైక్ తీసుకుపోతే అది ఈ కోవలోకి వస్తుంది. ఇంట్లో పెట్టుకున్నా డబ్బు తీసుకుని రికార్డింగ్ చేస్తున్నట్లయితే ఆ విషయం పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే వ్యాపార పరికరాలన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కచేరీలకు తీసుకుపోయే వాద్యాలకు ఇంటి బయట కూడా వర్తించే ఆల్ రిస్క్ పాలసీ అడగండి. ప్రీమియం తగ్గుతుందని విలువ సగానికి రాయిస్తే పరిహారం కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. విదేశాల్లో అద్దె ఇళ్లలో స్టూడియో నడిపే మనవాళ్లు కూడా తమ రెంటర్స్ పాలసీలో వ్యాపార పరికరాలకు ఎంత పరిమితి ఉందో చదువుకోవాలి. అది తరచుగా చాలా తక్కువ.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు

హైదరాబాదులోని స్టూడియోలకు ఏడాదిలో అన్నిటికంటే ఖాళీ వారం సంక్రాంతి వారమే. విజయవాడ రహదారి కార్లతో నిండిపోతుంది, కాలనీలు బోసిపోతాయి. పాలప్యాకెట్లు, పేపర్లు ఆపించడం అందరికీ తెలుసు. ధనుర్మాసంలో ప్రతి వాకిట్లో ముగ్గు ఉన్నప్పుడు ఊడ్వని వాకిలి ఒక్కటే ఉంటే, ఆ ఇంటికి తాళం వేసి ఉందని బోర్డు పెట్టినట్టే. పక్కింటి పిన్నిగారిని అడిగితే నాలుగు రోజులు నీళ్లు చల్లి రెండు గీతలు గీస్తారు. ఊరు నుంచి వచ్చేటప్పుడు అరిసెలు తేవడం మరిచిపోకండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్లపై నిఘా కోసం పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఉచిత సేవ తెచ్చారు. ఆ సేవ నడుస్తున్న చోట యాప్‌లో నమోదు చేసుకుని ప్రయాణం తేదీలు చెబితే ఇంట్లో కదలిక పసిగట్టే కెమెరా అమర్చుతారు. ఏ రాష్ట్రంలో ఉన్నా మీ స్టేషన్‌లో తేదీలు, ఫోన్ నంబరు చెప్పి వెళితే రాత్రి గస్తీ ఆ వీధి మీదుగా సాగే వీలుంటుంది. సెలవుల్లో రెండు లక్షల రూపాయల విలువైన మైకులు బీరువాలో ఉంచడం కంటే బంధువుల ఇంట్లో పెట్టి వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి.

దొంగతనం జరిగితే

ఇంటికి వచ్చేసరికి తాళం విరిగి ఉంటే లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండవచ్చు, ఆ గదిలోంచి మీకు ఏ చప్పుడూ వినపడదు. 112కు ఫోన్ చేసి బయట ఆగండి. క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసేవరకు దేనినీ సర్దకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నివాసంలో జరిగే దొంగతనం 305వ సెక్షన్ కిందికి, ఇల్లు పగలగొట్టి చొరబడటం 331వ సెక్షన్ కిందికి వస్తాయి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు. సీరియల్ నంబర్ల పట్టికను ఫిర్యాదుకు జతచేసి, అది కేసు కాగితాల్లో చేరిందో లేదో చూసుకోండి. "ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్" అని మాత్రమే రాసి ఉంటే, రేపు సొత్తు దొరికినా అది మీదేనని చెప్పడం కష్టమవుతుంది.

అదే రోజున బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, ఈమెయిల్, యూట్యూబ్, క్లౌడ్ ఖాతాల పాస్‌వర్డులు మార్చండి, పోయిన కంప్యూటర్‌ను ఆ ఖాతాల నుంచి తొలగించండి, పని జరుగుతున్న పాటల నిర్మాతలకు మీరే ముందుగా చెప్పండి. సిమ్ ఉన్న ఫోన్లు, ట్యాబ్లెట్లు పోయి ఉంటే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేయించవచ్చు. సీరియల్ నంబర్లను వాద్యకారుల వాట్సాప్ గ్రూపుల్లో పంచండి. దొంగిలించిన ఇంటర్‌ఫేస్ చివరికి చేరేది మరో సంగీతకారుడి దగ్గరికే. ఆన్‌లైన్ అమ్మకాల్లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో మీ పరికరం కనిపిస్తే ఒంటరిగా వెళ్లి నిలదీయకుండా దర్యాప్తు అధికారికి ఫొటో పంపండి. ఇంటి తాళాలన్నీ ఆ వారంలోనే మార్చండి, ఎందుకంటే బీమా డబ్బుతో కొత్తవి కొంటారని తెలిసి రెండోసారి వచ్చేవారూ ఉన్నారు.

సొత్తు దొరికితే పోలీసులు దాన్ని నేరుగా చేతికి ఇవ్వరు, కోర్టు ద్వారా విడిపించుకోవాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందుకు వచ్చిన సొత్తుకు 14 రోజుల్లో వివరాల పట్టిక తయారుచేసి, ఫొటో లేదా వీడియో తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఎవరికి అప్పగించాలో ఉత్తర్వు ఇవ్వాలి. బిల్లులు, సీరియల్ నంబరు ఫొటోలు జోడించి వకీలు ద్వారా పిటిషన్ వేయండి. స్టేషన్ గదిలో గుడ్డ సంచిలో కట్టి ఉంచిన కండెన్సర్ మైకును ఇంటికి తెచ్చిన వెంటనే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (తీగలోంచి మైకుకు అందే కరెంటు) ఇవ్వకండి; సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో రెండు రోజులు ఉంచి, ఆ తర్వాతే తీగ కలపండి.